పొగ లేని వంట – నష్టం లేని బొగ్గు



మేము వింజమూరు హాస్టల్‌లో చేరిన రోజుల్లో వంటశాల ఎక్కడ ఉన్నదో కొత్తవాళ్ళకు ఎవరూ చూపించనక్కరలేదు, పొగే చూపించేది. తెల్లవారుజామున నాలుగు గంటలకే వంట మాస్టరు గాడిపొయ్యి రాజేసేవారు. కామాటి ముందు రోజు చీల్చిన కట్టెలు పక్కన పేర్చి ఉండేవి. వానాకాలంలో ఆ కట్టెలు తడిసి, మంట కంటే పొగే ఎక్కువ వచ్చేది. స్టడీ అవర్‌లో కూర్చున్న మాకు కళ్ళ వెంట నీళ్ళు కారేవి. "అబ్బయా, ఆ ఊదుగొట్టం ఇట్టియ్యి" అని మాస్టరు కేకవేస్తే మాలో ఒకరం పరుగెత్తి ఇచ్చేవాళ్ళం. ఆయనకు ఎప్పుడూ దగ్గే. చుట్టల దగ్గు అనుకొని మేము చాటుగా నవ్వుకొనేవాళ్ళం. ఆయన జీవితంలో చుట్ట ముట్టలేదని చాలా ఏళ్ళ తరువాత తెలిసింది.

ఇప్పుడు హాస్టల్‌లో గ్యాస్ మీద వంట జరుగుతున్నది. కాని సెలవులకు ఇంటికి వెళ్ళి చూస్తే, వంటింట్లో సిలిండరు ఉన్నా, వసారాలో మూడు రాళ్ళ పొయ్యి ఇంకా మండుతూనే ఉంటుంది. మనలో కొందరి తల్లిదండ్రులు బొగ్గుల బట్టీల దగ్గర పని చేస్తున్నారు. అందువలన ఈ వార్షికోత్సవ సంచికలో వంట ఇంధనాల గురించి, బొగ్గు తయారు చేసే పద్ధతుల గురించి మేము తెలుసుకొన్నది రాస్తున్నాము. ఇందులో కొంత పదో తరగతి సైన్సు, కొంత లెక్క, కొంత మన ఇళ్ళ సంగతి.

పొగ అంటే ఏమిటి?

కట్టె మండుతున్నదని మనం అనుకొంటాము. నిజానికి మొదట కట్టె మండదు. వేడికి కట్టెలోని నీరు ఆవిరై పోతుంది. తరువాత కట్టె విడిపోయి రకరకాల వాయువులను వదులుతుంది. మనకు కనిపించే పసుపుపచ్చని మంట ఆ వాయువులు కాలే మంట. వాయువులన్నీ పోయాక మిగిలేది ఎర్రగా కణకణలాడే నిప్పు, అంటే బొగ్గు. ఈ మూడు దశలు గుర్తుంచుకొంటే పొయ్యి గురించి, బట్టీ గురించి రాబోయే విషయాలన్నీ సులభంగా అర్థమవుతాయి.

వాయువులకు సరిపడిన వేడి, సరిపడిన గాలి దొరికితే అవి పూర్తిగా కాలి కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి అవుతాయి. దొరకకపోతే సగం కాలి పొగగా బయటకు పోతాయి. అంటే పొగ అనేది కాలకుండా పోయిన ఇంధనమే. మన అమ్మ నెత్తిన మోసుకొచ్చిన కట్టెలలో కొంత భాగం అన్నం ఉడికించకుండా, ఆమె ఊపిరితిత్తులలోకే పోతున్నదన్నమాట.

పచ్చికట్టె ఎందుకు అంత పొగ వేస్తుంది? ఒక కిలో నీటిని మామూలు వేడి నుండి మరిగించి ఆవిరి చేయడానికి సుమారు 610 కిలో కేలరీల వేడి కావాలి. అప్పుడే నరికిన కట్టెలో దాదాపు సగం బరువు నీరే ఉండవచ్చు. పొయ్యిలోని వేడి ముందు ఆ నీటిని తరమడానికే ఖర్చయిపోతుంది. మంట చల్లబడుతుంది, పొగ పెరుగుతుంది. కాబట్టి కట్టెను సన్నగా చీల్చి, రెండు మూడు నెలలు ఎండబెట్టి, వానకు తడవకుండా దాచి వాడడం పైసా ఖర్చు లేని మొదటి మెరుగుదల.

పొగ చేసే చెరుపు

పొగలో కంటికి కనిపించని సన్నని ధూళి కణాలు ఉంటాయి. 2.5 మైక్రాన్ల కంటే చిన్నవైన కణాలు చాలా ప్రమాదకరం. మన తల వెంట్రుక మందంలో ఇవి ముప్పయ్యో వంతు కూడా ఉండవు. ముక్కులోని వెంట్రుకలు వాటిని ఆపలేవు. అవి ఊపిరితిత్తుల లోతుకు పోయి, అక్కడి నుండి రక్తంలోనూ కలుస్తాయి. కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు కూడా పొగలో ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ఇంటి పొగ వలన ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది అకాల మరణం పొందారు. వారిలో 2 లక్షల 37 వేల మందికి పైగా ఐదేళ్ళలోపు పిల్లలు. పిల్లలలో న్యుమోనియా, పెద్దలలో తీరని దగ్గు, ఆయాసం, గుండె జబ్బు, పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్, కంటిలో శుక్లాలు – వీటన్నిటికీ పొయ్యి పొగతో సంబంధం ఉన్నదని వైద్యులు చెబుతున్నారు. బీడీ, చుట్ట ఎన్నడూ ముట్టని ఆడవాళ్ళకు పొగ తాగేవాళ్ళ జబ్బులు రావడానికి ఇదే కారణం. మా వంట మాస్టరు దగ్గుకు కూడా ఇదే కారణమై ఉంటుందని మాకు ఇప్పుడు అనిపిస్తున్నది.

ఒక లెక్క చేద్దాం

10 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి 100 డిగ్రీలకు కాచాలి. కావలసిన వేడి 10 × 70 = 700 కిలో కేలరీలు. ఇది ఏ పొయ్యికైనా ఒక్కటే. తేడా అంతా పొయ్యి ఎంత వేడిని గిన్నెకు చేరుస్తుందో అందులో ఉన్నది.

1. మూడు రాళ్ళ పొయ్యి: ఎండిన కట్టె ఒక కిలోకు సుమారు 3,500 కిలో కేలరీలు. ఈ పొయ్యి అందులో 10 నుండి 15 శాతమే గిన్నెకు ఇస్తుంది. 10 శాతం అనుకొంటే కిలోకు 350. కాబట్టి 2 కిలోల కట్టెలు కావాలి.

2. మెరుగైన కట్టెల పొయ్యి: 20 శాతం అనుకొంటే 1 కిలో కట్టె చాలు.

3. గ్యాస్ పొయ్యి: గ్యాస్ కిలోకు సుమారు 11,000 కిలో కేలరీలు. 60 శాతం గిన్నెకు చేరినా కిలోకు 6,600. కాబట్టి 106 గ్రాముల గ్యాస్ చాలు.

4. కరెంటు ఇండక్షన్ పొయ్యి: ఒక యూనిట్ అంటే 860 కిలో కేలరీలు. 85 శాతం గిన్నెకు చేరితే దాదాపు ఒక యూనిట్ కరెంటు సరిపోతుంది.

ఇదే లెక్కను కొంచెం ముందుకు తీసుకుపోదాం. ఇంటి సిలిండరులో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. అది ఇచ్చే ఉపయోగపు వేడి మూడు రాళ్ళ పొయ్యిలో దాదాపు 270 కిలోల కట్టెలతో సమానం. ఒక మోపు 20 కిలోలనుకొంటే 13 మోపులకు పైమాటే. ఒక సిలిండరు ఇంటికి వస్తే మన అమ్మ, అక్క, చెల్లెలు పదమూడు సార్లు చిల్లచెట్లలోకి, కొండ వాలుల్లోకి కట్టెలకు పోనవసరం లేదు. ఆ పదమూడు పూటలలో చెల్లెలు బడికి పోగలదు. ఇంధనం లెక్కను మేము ఇలాగే చూస్తాము.

పొగలేని పొయ్యి – మన తెలుగు నేల మీద పుట్టిన పని

పొయ్యిని బాగుచేయాలనే ఆలోచన కొత్తది కాదు. 1947లో వార్ధా దగ్గర మగన్‌వాడీలో గ్రామ పరిశ్రమల వాళ్ళు "మగన్ చుల్హా" తయారు చేశారు. మనం గర్వించదగిన విషయం ఇంకొకటి ఉన్నది. హైదరాబాదు ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు అనే ఇంజనీరు మట్టితోనే, పొగగొట్టంతో, ఒకే మంట మీద ఒకటికి మించి గిన్నెలు ఉడికే పొయ్యిని రూపొందించారు. దానికి ఆ ప్రయోగశాల పేరుతోనే "హెర్ల్ చుల్హా" అని పేరు వచ్చింది. 1953లో ఆయన "స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్" అనే పుస్తకం కూడా ప్రచురించారు. వంటిల్లు కూడా ఇంజనీరు పట్టించుకోవలసిన చోటేనని ఆ కాలంలోనే ఆయన చెప్పారు.

తరువాత కేంద్ర ప్రభుత్వం 1983లో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2002లో అది ముగిసేసరికి దేశంలో 3 కోట్లకు పైగా పొయ్యిలు కట్టించారు. మన రాష్ట్రంలో ఆ పని నెడ్‌క్యాప్ సంస్థ ద్వారా జరిగింది. మా ఇళ్ళలో కొన్నింటికి ఆ సిమెంటు గొట్టం ఇప్పటికీ గోడకు ఆనుకొని ఉన్నది. కాని కింద పొయ్యి లేదు!

ఎందుకు నిలవలేదు? గొట్టంలో మసి పేరుకొంటే తీసేవారు లేరు. మట్టి పగిలితే మళ్ళీ మెత్తే మేస్త్రీ రాలేదు. కట్టెలను సన్నగా చీల్చే తీరిక లేక పొయ్యి నోరు పెద్దది చేశారు. దానితో గాలి లెక్క తప్పింది. అన్నిటికంటే ముఖ్యం, ఎంత పెద్ద గిన్నె పెట్టుకొంటావమ్మా, సంగటి గెలికేటప్పుడు పొయ్యి కదలకుండా ఉండాలా అని వండే మనిషిని అడగలేదు. రాగి సంగటి కెలకడానికి కుండను కాళ్ళతో అదిమి పట్టి తెడ్డు తిప్పాలి. సున్నితమైన పొయ్యి ఆ బలానికి ఆగదు. ప్రయోగశాలలో నెగ్గిన వస్తువు వంటింట్లో ఓడిపోవడానికి ఇటువంటి చిన్న కారణాలే చాలు. ఇంజనీరింగ్ చదవబోయే మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ పాఠం మరువరాదు.

దీపం నుండి ఉజ్జ్వల దాకా

1999 జూలైలో మన రాష్ట్రంలో "దీపం" పథకం ప్రారంభమైనది. డ్వాక్రా సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్ డిపాజిట్టును ప్రభుత్వమే భరించింది. పేదల ఇళ్ళకు గ్యాస్ ఇవ్వడంలో దేశానికే ముందు నడిచిన పథకాలలో ఇది ఒకటి. 2016 మే 1న కేంద్ర ప్రభుత్వం "ప్రధానమంత్రి ఉజ్జ్వల యోజన" ప్రారంభించింది. 2019 సెప్టెంబరు నాటికి 8 కోట్ల కనెక్షన్లు ఇచ్చారు. 2024 నవంబరు 1న మన రాష్ట్రంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే "దీపం-2" మొదలైనది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో అప్పట్లో 58.6 శాతం కుటుంబాలు శుద్ధమైన ఇంధనంతో వండుకొనేవి. మన రాష్ట్రంలో అది 80 శాతం దాటింది. అయితే ఈ సర్వే ఇంట్లో ముఖ్యంగా వాడే ఇంధనం ఏదని అడుగుతుంది. పొద్దున టీ, కూర గ్యాస్ మీద, స్నానాలకు నీళ్ళు, పశువులకు దాణా, పెద్ద కుండ అన్నం కట్టెల మీద వండే ఇళ్ళు మన వైపు ఎన్నో ఉన్నాయి. కనెక్షన్ రావడం ఒక మెట్టు. రెండో సిలిండరు, మూడో సిలిండరు కొనుక్కోగలగడం ఇంకో మెట్టు. కూలి డబ్బు ఏ రోజుకారోజు వచ్చే ఇంటికి, ఒకేసారి వందల రూపాయలు తీసి సిలిండరుకు పెట్టడం కష్టం. కట్టెలకు డబ్బు అక్కరలేదు, ఆడమనిషి ఒళ్ళు ఉంటే చాలని మనం అనుకొన్నంత కాలం ఆ పొయ్యి ఆరదు.

గ్యాస్ వాడేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ గ్యాస్ గాలి కంటే బరువైనది. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకొంటుంది. కాబట్టి సిలిండరును గుంటలో పెట్టరాదు, పొయ్యిని సిలిండరు కంటే ఎత్తులో పెట్టాలి. వాసన వస్తే స్విచ్ వేయరాదు, ఆర్పరాదు. తలుపులు తెరచి, రెగ్యులేటర్ కట్టి, 1906 నంబరుకు ఫోన్ చేయాలి.

పేడ నుండి మంట

పశువులున్న ఇంటికి గోబర్ గ్యాస్ మంచి దారి. గాలి చొరని తొట్టిలో పేడను, అంతే నీటిని కలిపి పోస్తే సూక్ష్మజీవులు దానిని కుళ్ళబెట్టి వాయువును విడుదల చేస్తాయి. అందులో 55 నుండి 65 శాతం మీథేన్ ఉంటుంది. ఒక కిలో పేడకు సుమారు 40 లీటర్ల వాయువు వస్తుంది. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ కావాలి. అంటే నాలుగైదు పశువులు ఉండాలి. అయిదారుగురు ఉన్న ఇంటి వంటకు ఆ వాయువు చాలు. బయటకు వచ్చే ముద్ద పొలానికి మంచి ఎరువు. పిడకలు చేసి కాలిస్తే పేడ మంటైపోయి బూడిదే మిగులుతుంది. గోబర్ గ్యాస్‌లో మంటా వస్తుంది, ఎరువూ మిగులుతుంది.

ఇందుకు చక్కటి ఉదాహరణ మన పొరుగున ఉన్నది. కర్ణాటకలో ఉన్నా తెలుగు మాట్లాడే బాగేపల్లి ప్రాంతంలో కూలీ సంఘం వాళ్ళు 5,500 కుటుంబాలకు 2 ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టే ప్రాజెక్టు తలపెట్టారు. క్యోటో ఒప్పందం కింద 2005లో దానిని నమోదు చేయించారు. కట్టెలు కాల్చడం తగ్గినందుకు లెక్క కట్టి, ఆ కార్బన్ పొదుపును విదేశాలకు అమ్మి, ఆ డబ్బును ప్లాంట్లకు వాడాలన్నది ఆలోచన. కూలీల సంఘం అంతర్జాతీయ ఒప్పందాన్ని చదివి తమ వంటింటికి వాడుకొన్నది. సంఘటితమైతే చదువు ఎలా పనికివస్తుందో ఇది చూపిస్తున్నది.

మన మెట్ట ప్రాంతంలో ఒక చిక్కు ఉన్నది. కరువు వచ్చినప్పుడు పశువులను అమ్ముకొంటారు. నీరు కూడా కరువే. పశువు పోతే ప్లాంటు మూలబడుతుంది. కాబట్టి పాడి ఉండి, బోరు నీరు ఉన్న ఇళ్ళకే ఇది సరిపోతుంది. అందరికీ ఒకే మందు పనికిరాదు.

చిల్లచెట్టు కథ

ఇక బొగ్గు సంగతి. ఉదయగిరి, వింజమూరు, ఆత్మకూరు వైపు బస్సులో పోతుంటే చెరువు కట్టల మీద, బీళ్ళలో, రోడ్డు పక్కన ఎటు చూసినా సర్కారు తుమ్మ కనిపిస్తుంది. దీనినే చిల్లచెట్టు, సీమతుమ్మ అని కూడా అంటారు. శాస్త్రీయ నామం ప్రోసోపిస్ జూలిఫ్లోరా. ఇది మన చెట్టు కాదు. అమెరికా ఖండాల చెట్టు. 1877 ప్రాంతంలో మద్రాసు అటవీ శాఖ వాళ్ళు వంటచెరకు కొరత తీర్చడానికి దీని విత్తనాలు తెప్పించి, వెలిగొండలకు అవతల ఉన్న కడప జిల్లా కమలాపురంలో నాటించారు. దేశంలో దీని తొలి అడుగులలో ఒకటి అక్కడే పడింది. మేకలు, పశువులు తీపి కాయలు తిని విత్తనాలను ఊరూరా చల్లాయి. నరికినకొద్దీ చిగురిస్తుంది. వేళ్ళు లోతుకు పోయి కరువులోనూ బతుకుతుంది.

ఈ చెట్టుతో నష్టమూ ఉన్నది, లాభమూ ఉన్నది. పొలాలను, చెరువులను ఆక్రమిస్తుంది. అయితే దీని కట్టె గట్టిది, బాగా మండుతుంది, మంచి బొగ్గవుతుంది. పేదవాడి పొయ్యికి, పొగాకు బ్యారన్‌కు, బొగ్గుల బట్టీకి ఇదే ఆధారం. బొగ్గు ఇక్కడి నుండి పట్నాల హోటళ్ళకు, ఇస్త్రీ బండ్లకు, కొలుములకు పోతుంది.

బట్టీలో జరిగేది

మామూలు బట్టీ ఇలా వేస్తారు. కట్టెలను ఒక కొలతకు నరికి గుట్టగా పేరుస్తారు. దాని మీద ఆకు, గడ్డి కప్పి, పైన తడిమట్టి మెత్తుతారు. ఒక వైపు నిప్పు పెట్టి, గాలికి చిన్న కంతలు ఉంచుతారు. గాలి చాలినంత అందదు కాబట్టి కట్టె పూర్తిగా కాలదు, మాడుతుంది. దీనినే సైన్సులో పైరాలిసిస్ అంటారు.

లోపల 100 డిగ్రీలు దాటేదాకా నీరు ఆవిరవుతుంది. అప్పుడు పొగ తెల్లగా, చిక్కగా ఉంటుంది. 270 డిగ్రీల ప్రాంతంలో కట్టె తనంతట తానే వేడి పుట్టించుకొంటూ విడిపోవడం మొదలవుతుంది. పొగ పచ్చబడి కళ్ళు మండిస్తుంది. అందులో తారు, ఆమ్లాలు, విషవాయువులు ఉంటాయి. 400 నుండి 500 డిగ్రీలకు చేరాక పొగ పలచబడి నీలంగా మారుతుంది. బొగ్గు అయినట్లు గుర్తు అదే. వెంటనే కంతలన్నీ మూసేసి రోజుల తరబడి చల్లారనిస్తారు. థర్మామీటరు లేకుండా పొగ రంగు చూసి లోపలి వేడి చెప్పగల ఆ కూలీలకు చదువు లేదని మనం అంటాము. నిజానికి వాళ్ళకు తెలిసినది రసాయన శాస్త్రమే.

ఇప్పుడు నష్టం లెక్క చూడండి. 100 కిలోల కట్టెలో 3 లక్షల 50 వేల కిలో కేలరీలు ఉన్నాయి. మామూలు మట్టి బట్టీలో 10 నుండి 20 కిలోల బొగ్గే వస్తుంది. 15 కిలోలు అనుకొందాం. బొగ్గు కిలోకు సుమారు 7,000 కిలో కేలరీలు. మొత్తం 1 లక్షా 5 వేలు. అంటే నూటికి 70 వంతుల శక్తి బట్టీ పొగలోనే పోయింది. ఆ బొగ్గును 25 శాతం పనిచేసే కుంపటిలో వాడితే గిన్నెకు చేరేది 26 వేలు. అదే 100 కిలోల కట్టెను తిన్నగా మూడు రాళ్ళ పొయ్యిలో పెట్టినా 35 వేలు చేరేది! పట్నంలో పొగ లేకుండా వండుకోవడానికి పల్లెలో చెట్టు పోతున్నది, పల్లె మనిషి ఆ పొగ పీలుస్తున్నాడు. బొగ్గు పొగను పోగొట్టదు, ఒక చోటి నుండి ఇంకో చోటికి మారుస్తుంది.

బట్టీ దగ్గరి మనుషులు

నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో ఈ పని ఎక్కువగా యానాది కుటుంబాల వాళ్ళే చేస్తున్నారు. ముల్లకంప నరకడం, బట్టీ పేర్చడం, రాత్రీ పగలూ కాపలా కాయడం – అన్నీ కుటుంబమంతా చేయవలసిన పనులు. మట్టి ఎక్కడైనా కుంగి గాలి దూరితే బొగ్గంతా బూడిదైపోతుంది. అందుకని వేడి గుట్ట మీదికి ఎక్కి పూడ్చవలసి వస్తుంది. కాలు దిగబడితే ప్రాణాపాయం.

మాతో ఎనిమిదో తరగతి చదివిన ఒక మిత్రుడు సంక్రాంతి సెలవులకు వెళ్ళి తిరిగి రాలేదు. లెక్కలలో మా అందరికంటే ముందుండేవాడు. వాళ్ళ నాయన ఒక కాంట్రాక్టరు దగ్గర అడ్వాన్సు తీసుకొన్నాడట. అది తీరే దాకా ఇంటిల్లిపాదీ బట్టీ దగ్గరే ఉండాలట. అడ్వాన్సు ఎంతో, ఎంత తీరిందో రాసిన కాగితం లేదు. లెక్కలు వచ్చిన పిల్లవాడే ఆ ఇంటి లెక్క అడగలేకపోయాడు. మేము కూడా అప్పుడు ఎవరినీ అడగలేదు. అడగవచ్చని మాకు తెలియదు.

ఇప్పుడు తెలుసు కాబట్టి రాస్తున్నాము. అప్పు చూపి మనిషిని కదలనివ్వకుండా పని చేయించుకోవడం నేరం. వెట్టిచాకిరి వ్యవస్థ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. ఆ చట్టం ప్రకారం అటువంటి అప్పు చెల్లదు, తీర్చనవసరం లేదు. కలెక్టరు గారికి, ఆర్డీవో గారికి ఫిర్యాదు చేయవచ్చు. విడిపించిన వారికి విడుదల పత్రం, పునరావాసం ఇవ్వాలి. పిల్లల విషయంలో 1098కి ఫోన్ చేయవచ్చు. సెలవుల తరువాత మీ పక్క మంచం ఖాళీగా ఉంటే ఊరుకోవద్దు. ముందు వార్డెన్ గారికి చెప్పండి.

మేలైన బొగ్గు పద్ధతులు

బొగ్గు వద్దే వద్దు అనడం తేలిక. కాని దాని మీద బతికే కుటుంబాలు ఉన్నాయి. కాబట్టి తక్కువ కట్టెతో, తక్కువ పొగతో ఎలా చేయాలో చూడాలి.

మొదటిది రిటార్ట్ పద్ధతి. కట్టెను మూసిన ఇనుప పాత్రలో పెట్టి బయటి నుండి వేడి చేస్తారు. లోపల పుట్టే వాయువులను గాలిలోకి వదలకుండా గొట్టం ద్వారా కింది మంటలోకే పంపుతారు. పొగే ఇంధనమవుతుంది. 100 కిలోల కట్టెకు 25 నుండి 30 కిలోల బొగ్గు వస్తుంది. అంటే అదే బొగ్గుకు దాదాపు సగం కట్టె చాలు. ఖర్చు ఎక్కువ కాబట్టి ఒక కుటుంబం పెట్టుకోలేదు. సంఘంగా పెట్టుకోవాలి.

రెండవది చెత్త నుండి బొగ్గు. పుణె దగ్గరి 'ఆర్తి' సంస్థ పొలంలో తగలబెట్టే చెరకు ఆకును చిన్న డబ్బాలలో మాడ్చి, పొడి చేసి, బొగ్గు ఇటుకలుగా వత్తే పద్ధతి తెచ్చింది. అందుకు 2002లో ఇంగ్లండులో ఆష్డెన్ అవార్డు పొందింది. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యార్థులు హైతీ దేశం కోసం 200 లీటర్ల పాత డ్రమ్ముతో ఇదే పని సులభంగా చేసి చూపారు. డ్రమ్ము అడుగున కంతలు పెట్టి రాళ్ళ మీద నిలబెట్టాలి. ఎండిన చెత్త నింపి అంటించాలి. చిక్కటి పొగ పలచబడగానే మూత పెట్టి, చుట్టూ ఇసుకతో గాలి చొరకుండా మూయాలి. చల్లారాక పొడి చేసి, గంజి కలిపి వత్తి ఎండబెట్టాలి. మన వైపు కందికంప, మొక్కజొన్న బెండ్లు, వేరుశనగ పొట్టు ఇందుకు పనికివస్తాయి. అయితే డ్రమ్ము పద్ధతిలోనూ మొదట పొగ వస్తుంది. ఇళ్ళకు దూరంగా, గాలివాటు చూసుకొని, పెద్దల సమక్షంలోనే చేయాలి.

మూడవది వంట చేస్తూనే బొగ్గు ఇచ్చే పొయ్యి. డబ్బాలో పుల్లలు నింపి పై నుండి అంటిస్తారు. కింది నుండి కొద్ది గాలి, పై నుండి మరికొంత గాలి అందేలా కంతలు ఉంటాయి. కట్టె నుండి వచ్చే వాయువు పైన శుభ్రంగా మండి వంట అవుతుంది. అడుగున బొగ్గు మిగులుతుంది. 1985లో అమెరికా శాస్త్రవేత్త థామస్ రీడ్ ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. హైదరాబాదుకు చెందిన డాక్టర్ ఎన్. సాయి భాస్కర్ రెడ్డి గారు ఇటువంటి పొయ్యిలను తక్కువ ఖర్చుతో రూపొందించి, మిగిలిన బొగ్గును పొలంలో వేస్తే నేల తేమను, ఎరువును పట్టి ఉంచుతుందని ప్రచారం చేశారు. వాన తక్కువ పడే మన ఎర్రనేలలకు ఇది ఆలోచించదగిన విషయం.

ఏ పద్ధతి అయినా కట్టె ఎక్కడిదన్నది ముఖ్యం. చిల్లచెట్టును వంతులవారీగా నరికితే మళ్ళీ చిగురిస్తుంది. దాని పేరు చెప్పి వెలిగొండల మీది అడవి చెట్లను కలిపి కాలిస్తే అది దోపిడి. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే కళాకారులు నర్ది, కలివి, బిక్కి వంటి కొండచెట్ల మీద ఆధారపడి ఉన్నారు. అడవి బట్టీలో పడితే ఆ కళ కూడా బూడిదే.

మనం చేయగలిగినవి

1. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు కట్టెలు చీల్చి, ఎండబెట్టి, తడవని చోట పేర్చండి. మగపిల్లలకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాము.

2. కట్టెల పొయ్యి తప్పనిసరైతే వసారాలోకి, గాలి ఆడే చోటికి మార్చండి. చంటిబిడ్డను చంకలో పెట్టుకొని ఊదవద్దని అక్కలకు చెప్పండి. గిన్నెకు మూత పెడితే కట్టె ఆదా అవుతుంది.

3. బొగ్గుల కుంపటిని తలుపులు మూసిన గదిలో పెట్టుకొని పడుకోరాదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

4. ఇంట్లో ఉజ్జ్వల, దీపం-2 అర్హత ఉన్నదేమో చూసి, దరఖాస్తు మీరే నింపండి. బ్యాంకు ఖాతా, ఆధార్ సరిపోయాయో లేదో చూడండి.

5. పూర్వ విద్యార్థులలో ఉద్యోగాలు చేసేవారు ఇంటికి పంపే డబ్బులో సిలిండరు డబ్బును విడిగా చెప్పి పంపండి. అలా చెప్పకపోతే అమ్మ దానిని మన పేరనే దాచిపెడుతుంది!

ఆలోచించండి – చేసి చూడండి

ఒకే బరువు గల ఎండుకట్టె, పచ్చికట్టెలతో వేరువేరుగా రెండు లీటర్ల నీరు కాచి, ఏది ముందు మరుగుతుందో గడియారం పెట్టి చూడండి. గిన్నె అడుగున మసి ఏ కట్టెకు ఎక్కువ పట్టిందో గమనించండి. మీ ఇంట్లో వారం రోజులకు ఎన్ని కిలోల కట్టెలు కాలుతున్నాయో తూచి రాయండి. పైన ఇచ్చిన లెక్కతో అది ఎంత గ్యాస్‌కు సమానమో కట్టండి. చివరగా ఆ కట్టెలు తేవడానికి ఎవరు, ఎన్ని గంటలు నడిచారో కూడా రాయండి. ఏ పుస్తకంలోనూ దొరకని లెక్క అదే.

మా వంట మాస్టరు పెట్టిన అన్నం తిని మేము చదువుకొన్నాము. ఆయన పీల్చిన పొగకు మేము ఏమీ చేయలేకపోయాము. తిరిగి రాని మా మిత్రుడి కోసం కూడా అప్పుడు ఏమీ చేయలేదు. మీరు చేయగలరు. వచ్చే సంక్రాంతి తరువాత హాస్టల్ తెరిచిన రోజున హాజరు పిలిచేటప్పుడు ప్రతి పేరుకూ "ఉన్నానండీ" అనే జవాబు వినిపించాలని, మీ అమ్మల వంటిళ్ళలో పొగ తగ్గాలని కోరుకొంటూ ముగిస్తున్నాము.